సూరి సైకిలుకి నేనెంచిన సంచి

యాభై ఏళ్ళకు పైగా ఒక మాట నా లోపల ఉండిపోయింది. మాటంటే పెద్దదేమీ కాదు, రెండే రెండు ముక్కలు. ఫోనులో అన్నాను. అని ఫోను పెట్టేశాను. ఆ తర్వాత పెళ్ళి చేసుకున్నాను, ఇద్దరు పిల్లల్ని కన్నాను, ఉద్యోగం చేసి మానేశాను, ఊళ్ళో నలుగురు వచ్చి సలహా అడిగే మనిషినయ్యాను. అన్నం తినేటప్పుడు అది ఉంది. నవ్వేటప్పుడు కూడా ఉంది.

మీరెవరో నాకు తెలీదు. అందుకే మీకు చెబుతున్నాను. తెలిసినవాళ్ళకి చెబితే వాళ్ళ మొహం చూడాలి కదా. ఆ ధైర్యం నాకు ఇప్పటికీ పూర్తిగా రాలేదు. నా పేరు రాయను. ఊరు చీపురుపల్లి. అది దాచలేను, ఎందుకంటే ఆ రోడ్లు లేకుండా ఈ కథ లేదు.

సూరి మా మేనమామ కొడుకు. అసలు పేరు సూర్యనారాయణ. అరసవల్లి దేవుడికి మొక్కుకుంటే పుట్టాడని ఆ పేరు పెట్టారు. నాకంటే ఐదేళ్ళు చిన్న. వాడికి సైకిలు నేర్పింది నేనే. సీటు ఎక్కితే కాళ్ళందేవి కావు. ఫ్రేములోంచి కాలు దూర్చి తొక్కేవాడు, నేను వెనక పట్టుకుని గరివిడి రోడ్డు మీద పరిగెత్తేవాణ్ణి. ఒకరోజు వదిలేశాను. వాడికి తెలీలేదు. వెనక్కి చూడకుండా వెళ్ళిపోయాడు. నాకప్పుడు సంతోషమే కలిగింది. అది నిజం. ఆ సంతోషం ఎప్పుడు మారింది, ఏ రోజున, అని చాలాసార్లు వెతికాను. దొరకలేదు.

అరవైల ఆఖర్లో నేను మా ఊరి షావుకారు గారి గోగునార గోడౌనులో పనిచేసేవాణ్ణి. నార మూటలు కట్టించడం, రైలుకి ఎక్కించడం నా పని. ఏది ఎలా కడితే దారిలో చెడిపోదో, కూలీలు ఎలా విసురుతారో, కింద ఏది పెట్టాలో, పైన ఏది పెట్టాలో నాకు తెలిసినంత ఆ చుట్టుపక్కల ఎవరికీ తెలీదనేవారు. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి. తెలియక చేశానని నేను అనలేను.

షావుకారు గారికి సైకిలు పందేలంటే సరదా. కలకత్తా నుంచి ఒక రేసు సైకిలు తెప్పించారు. వంగిన హేండిలు, సన్నటి చక్రాలు, ఒక్క చేత్తో ఎత్తేంత తేలిక. చీపురుపల్లి నుంచి విజయనగరం దాకా వెళ్ళి ఎవరు ముందు తిరిగొస్తే ఆ సైకిలు వాళ్ళదన్నారు. ఇరవై మందిమి దాకా దిగాం. ఆఖరి మైలులో నేనూ సూరీ మాత్రమే మిగిలాం. అప్పటికి నాకు ఇరవై ఆరు, వాడికి ఇరవై ఒకటి. రైలుగేటు దాటాక వాడు నా పక్కకి వచ్చి, నా వైపు చూసి నవ్వి, ముందుకి పోయాడు. వెక్కిరింపు నవ్వు కాదది. కలిసి వెళ్దాం రమ్మన్నట్టు నవ్వాడు. నాకు శక్తి లేదు. వాడికింకా ఉంది. అది వాడికీ తెలుసు, నాకూ తెలుసు. ఆ నవ్వు వల్లే నేను వాణ్ణి క్షమించలేకపోయానేమో.

తర్వాత హైదరాబాదులో పెద్ద పోటీ ఉందని, అక్కడ నెగ్గితే దేశం మొత్తం మీద జరిగే పందేలకి పంపుతారని తెలిసింది. షావుకారు గారు సూరి పేరు పంపించారు. ఇంతలో తుఫాను వచ్చింది. గోదావరి ఇవతల ఎక్కడో రైలు కట్ట కొట్టుకుపోయింది. రైళ్ళు లేవు. పోటీ చూస్తే వారంలో ఉంది. అప్పుడు షావుకారు గారు అన్నారు, విమానంలో పంపిద్దామని.

మా వైపు వ్యవసాయం చేసుకునే ఇళ్ళల్లోంచి ఎవరూ విమానం ఎక్కలేదు అప్పటికి. మా మావ, అంటే సూరి తండ్రి, రెండు రోజులు పొలం వెళ్ళడం మానేసి ఇంట్లోనే తిరిగాడు. మా మావ కూతురు వరాలు, సూరికి అక్క, నాకు ఇస్తామని అనుకున్న పిల్ల, అందరికీ చెప్పుకుంటూ తిరిగింది. అందరూ అడిగిన ప్రశ్న ఒక్కటే. సైకిలు ఎలా వెళ్తుంది? మనిషైతే కుర్చీలో కూర్చుంటాడు, సైకిలు ఎక్కడ కూర్చుంటుంది?

షావుకారు గారు ఆ పని నాకు అప్పగించారు. "నువ్వు సూసుకో. దేంట్లో పెట్టాలో, ఎలా కట్టాలో నీకే తెలుస్తాది. ఎంతైనా పర్లేదు. సైకిలుకి దెబ్బ తగలకూడదు," అన్నారు.

నేను ముందు మిలట్రీ అప్పన్న గారి దగ్గరికి వెళ్ళాను. ఆయన వైమానిక దళంలో ఫిట్టరుగా చేసి వచ్చినాయన. విమానం విడిభాగాలు పెట్టెల్లో సర్దడం ఆయనకి చేతిలో పని. అరుగు మీద కూర్చుని చుట్ట కాలుస్తూ నిదానంగా చెప్పాడు. చెక్క పెట్టె అన్నిటికంటే మంచిదన్నాడు. మన వడ్రంగి రెండు రోజుల్లో చేస్తాడు, లోపల నార కూరితే రాయి పడినా ఏమీ కాదన్నాడు. బరువు ఎక్కువనుకుంటే మేదర వాళ్ళ చేత తమలపాకుల గంపలాగా పొడుగ్గా వెదురు పెట్టె అల్లించు, తేలిగ్గా ఉంటుంది, గట్టిగానూ ఉంటుంది అన్నాడు. గుడ్డ సంచి మాత్రం వద్దన్నాడు. గుడ్డ గీతలు పడకుండా ఆపుతుంది కానీ బరువుని ఆపదు. పైన ఇనప పెట్టె పడేస్తే సంచి ఏం చేస్తుంది?

తర్వాత నా మోకాలి మీద చెయ్యేసి అన్నాడు. "ఇంకోటి ఇనుకో. దేంట్లో పెట్టినా ముందు సక్రం తీసెయ్యాల కదా. తీసేస్తే ఆ సక్రాన్ని పట్టుకునే ఫోర్కు కాళ్ళు రెండూ ఒట్టిగా ఉండిపోతాయి. ఆటి మజ్జిన సెక్కముక్క బిగించాల. నేదంటే వంగిపోతాయి. వంగిన ఇనుముని మళ్ళీ సాపు సేసినా దాన్ని నమ్మకూడదు. సూడ్డానికి బాగానే ఉంటాది. బరువు పడినప్పుడు అక్కడే ఇరుగుతాది."

అన్నీ విన్నాను. అన్నీ అర్థమయ్యాయి.

మర్నాడు వాల్తేరు వెళ్ళి విమానం ఆఫీసులో అడిగాను. బల్ల వెనక కూర్చున్నాయన మంచివాడు. చెక్క పెట్టె తీసుకుంటామన్నాడు. బరువు హద్దు దాటితే అదనంగా కట్టాలి, అంతే. గంప అయినా పర్లేదు, సంచి అయినా పర్లేదు, అయితే దెబ్బ తగిలితే మా పూచీ లేదన్నాడు. తిరుగు దారిలో బస్సు కిటికీ దగ్గర కూర్చుని ఆలోచించాను. ఆలోచించాను అంటున్నాను గానీ, నిజానికి ఏమీ ఆలోచించలేదు. వరి చేలు నీళ్ళల్లో పడిపోయి ఉన్నాయి. రోడ్డు పక్కన తాటిచెట్లు మెడలు విరిగి ఉన్నాయి. అవి చూస్తూ ఉంటే నా నోట్లోకి ఒక అబద్ధం తయారుగా వచ్చి కూర్చుంది. నేను దాన్ని కల్పించలేదు. వెళ్ళగొట్టలేదు కూడా.

ఊళ్ళో దిగి, "సెక్క పెట్టెలు తీసుకోరంట," అన్నాను.

షావుకారు గారు నమ్మారు. ఎందుకు నమ్మరు? వెదురు పెట్టె మాట సూరే ఎత్తాడు. మేదర వాళ్ళ పనితనం వాడికి తెలుసు. నేను, "హైదరాబాదులో గంపతో దిగితే నవ్వుతార్రా, సేపలమ్మడానికి వచ్చినాడనుకుంటారు," అన్నాను. వాడికి సిగ్గేసింది. ఇరవై ఒక్క ఏళ్ళ కుర్రాడు, మొదటిసారి పట్నం వెళ్తున్నాడు. గంప వద్దన్నాడు.

డేరాలు కుట్టే సాయిబు దగ్గర ఖాకీ కేన్వాసు గుడ్డతో సంచి కుట్టించాను. చూడ్డానికి దర్జాగా ఉంది. తోలు పట్టీలు, ఇత్తడి బకిళ్ళు. సూరి పట్టీ భుజాన వేసుకుని వాకిట్లో అటూ ఇటూ నడిచాడు. అందరూ చూసి మెచ్చుకున్నారు. నన్ను కూడా మెచ్చుకున్నారు.

సర్దే రోజున మావ వాకిట్లో చాప పరిచి సైకిలు విప్పాం. ముందు చక్రం తీశాం, పెడళ్ళు తీశాం, హేండిలు పక్కకి తిప్పాం, టైర్లలో గాలి తీసేశాం. వరాలు తన పాత చీర చింపి ఒక్కో గొట్టానికీ కట్టులాగా చుట్టింది. ఎంత శ్రద్ధగా చుట్టిందంటే, పురిటి బిడ్డకి చుట్టినట్టు. నేను ఆ ముందు రోజే వేప చెక్కతో ఫోర్కు మధ్యలోకి ముక్క చెక్కి పెట్టుకున్నాను. సరిగ్గా సరిపోయేలా చెక్కాను. అబద్ధం ఆడినవాణ్ణి మళ్ళీ అదెందుకు చేశానంటారు? నాలో ఇద్దరున్నారేమో. ఒకడు చెక్కాడు. సూరి పంపు తేవడానికి లోపలికి వెళ్ళాడు, వరాలు ఇంకో గుడ్డపేలిక కోసం లేచింది. అప్పుడు రెండోవాడు ఆ ముక్కని ఫోర్కులో బిగించకుండా రొంటిన దోపుకున్నాడు. నేను సంచి మూసి బకిళ్ళు బిగించాను.

అప్పుడు నేనేం కోరుకున్నాను? ఇది ఎన్నిసార్లు అడుక్కున్నానో. వాడు చావాలనా? కాదు. కాలో చెయ్యో పోవాలనా? కాదు, నా తల్లి మీద ఒట్టు. సైకిలు దెబ్బతిని, పందెంలో దిగలేక, వాడు ఆ దర్జా సంచి భుజాన వేసుకుని తిరిగి రావాలని. మళ్ళీ నాలాగా అయిపోవాలని. మిగతావాళ్ళందరిలాగా. అంతే కోరుకున్నాను. అంతే అని నాకు నేను చెప్పుకున్నాను.

విమానం దాకా నేనే దిగబెట్టాను. వెళ్ళే దారిలో బస్సులోంచి ఆ వేప ముక్కని బయటికి విసిరేశాను. సూరి, "ఏటి బావా అది?" అన్నాడు. "ఏటీ నేదు, పుల్ల," అన్నాను. కంచె అవతలి నుంచి చూశాను. రెండు పంకాల విమానం. సంచిని ఇద్దరు మోసుకెళ్ళి పొట్టలోకి తోశారు. దాని తర్వాత పెట్టెలు తోశారు. వాడు మెట్లెక్కి పైనుంచి చెయ్యి ఊపాడు. నేనూ ఊపాను.

మర్నాడు మధ్యాహ్నం గోడౌనులో ఫోను మోగింది. షావుకారు గారు భోజనానికి వెళ్ళారు. నేనే ఎత్తాను. హైదరాబాదు నుంచి ట్రంకు కాలు. సూరి దిగింది షావుకారు గారికి తెలిసిన వాళ్ళింట్లో. అక్కణ్ణుంచి చేశాడు. తీగల్లో గాలి హోరులాంటి చప్పుడు. ఆ చప్పుడు మధ్యలోంచి వాడి గొంతు దూరంగా, సన్నగా వచ్చింది.

"బావా, నానే."

"ఏటిరా, బాగా సేరినావా?"

"సేరినాను. సైకిలు ఫోర్కు వంగిపోనాది బావా. ఇమానంలో దాని మీద బరువేటో ఎట్టినట్టున్నారు. ఇక్కడ మేస్త్రీ ఒకాయన వంపు తీసేస్తానంటన్నాడు. కొత్త ఫోర్కు దొరకదంట. పోటీ వాళ్ళు వేరే సైకిలు ఇస్తామంటన్నారు గానీ అది నాకు పెద్దది, బరువు కూడాను. ఏటి సెయ్యమంటావు?"

అప్పన్న గారి గొంతు నా చెవిలో ఉంది. ఆయన చెయ్యి నా మోకాలి మీద ఉన్నట్టే ఉంది.

"బావా, ఇనిపిస్తందా?"

"ఇనిపిస్తంది."

"రేపు పొద్దున్నే పోటీ. ఆ పెద్ద సైకిలు తీసుకోమంటావా?"

"వద్దు," అన్నాను. "వంపు తీయించేసుకో. ఏటీ అవదు."

"ఏటీ అవదా?"

"ఏటీ అవదు. దాని మీదే తొక్కు."

"సరే బావా. నువ్వు సెప్పినావు కదా," అన్నాడు. వాడి గొంతులో బరువు దిగిపోవడం నాకు అంత దూరం నుంచీ వినబడింది. ఫోను పెట్టేశాను. పెట్టి మూటలు లెక్క చూడ్డానికి వెళ్ళాను.

ఎందుకన్నాను? ఆ వంగిన ఫోర్కు మీద తొక్కొద్దంటే, ఎందుకు వద్దంటావు అని అడుగుతాడు. అప్పన్న గారు చెప్పారని చెప్పాలి. చెబితే, మరి చెక్కముక్క ఏది అని ఎవరైనా అడుగుతారు. భయం వల్ల అన్నానని కొన్నేళ్ళు నమ్మాను. భయమైతే ఏదో ఒకటి కల్పించి ఆ పెద్ద సైకిలే తీసుకోమనొచ్చు. అబద్ధం ఆడడం నాకు చేతకాదా? వారంలో ఎన్ని ఆడాను? అంటే భయం ఒక్కటే కాదు. ఇంకోటి ఉంది. ఆ పెద్ద సైకిలు మీద కూడా వాడు నెగ్గేస్తాడేమోనని నాకు అనిపించింది. ఆ ఒక్క క్షణంలో అనిపించింది. ఫోర్కు విరిగితే మనిషి మొహం మీద పడతాడని నాకు తెలుసు. చూడ్డం ఇష్టం లేనిదాన్ని పక్కన పెట్టుకుని కూర్చున్నట్టు, అది తెలిసీ దాని వైపు చూడకుండా కూర్చున్నాను.

మర్నాడు సాయంత్రం టెలిగ్రాం వచ్చింది. ప్రమాదం, ఆసుపత్రి, వెంటనే రండి అని.

రైళ్ళు లేవు. నేనూ మావా బస్సులు మారి, లారీలెక్కి, ఒక చోట పడవ దాటి, మూడో రోజుకి చేరాం. దారి పొడుగునా మావ నా భుజం పట్టుకుని కూర్చున్నాడు. ఆసుపత్రిలో చూస్తే మొహం అంతా కట్లే. దవడ విరిగింది. తుంటి ఎముక నలిగింది. పందెంలో అందరికంటే ముందున్నాడట. ఒక గుట్ట దిగుడులో ఫోర్కు విరిగి ముందుకి ఎగిరి రాళ్ళ మీద పడ్డాడట. పోటీ వాళ్ళు విరిగిన సైకిలు చూపించారు. సాపు చేసిన చోటే విరిగింది. అప్పన్న గారు చెప్పిన చోటే. ఇంటికి తీసుకెళ్తారా అని అడిగారు. అవసరం లేదు, పారెయ్యండి అన్నాను.

నేను రెండు నెలలు హైదరాబాదులో ఉన్నాను. మావ పంటల కోసం వెళ్ళిపోయాడు. సూరికి నోట్లో గొట్టంతో జావ పోశాను, ఒళ్ళు తుడిచాను, దొడ్డికి తీసుకెళ్ళాను. ఆసుపత్రి వాళ్ళు సొంత అన్నయ్యా అని అడిగేవారు. ఊళ్ళో నా పేరు మార్మోగిపోయింది. ఆ ఏడే వరాలుని నాకిచ్చి పెళ్ళి చేశారు. పెళ్ళిపందిట్లో మావ నా రెండు చేతులూ పట్టుకుని ఏడ్చాడు. ఆ చేతులు వెనక్కి లాక్కోలేదు నేను.

అప్పన్న గారు ఒక్కసారి అడిగారు. రోడ్డు మీద ఎదురై, "సెక్కముక్క ఎట్టినావు కదా?" అన్నారు. ఎట్టినాను అన్నాను. ఆయన నా మొహంలోకి కాసేపు చూసి, తల ఊపి వెళ్ళిపోయారు. ఆ తర్వాత నేను పలకరించినా ఆయన ఆగేవారు కాదు. కొన్నేళ్ళకి పోయారు.

సూరికి ఆ నాలుగు రోజులు ఏవీ గుర్తులేవు. తలకి తగిలిన దెబ్బకి చెరిగిపోయాయన్నారు డాక్టర్లు. సంచి గుర్తులేదు, ఫోను గుర్తులేదు, పందెం గుర్తులేదు. విమానం కూడా గుర్తులేదు. మా వైపు నుంచి మొదట ఆకాశంలోకి వెళ్ళినవాడికి ఆకాశం గుర్తులేదు. ఒక్కోసారి నన్నే అడిగేవాడు, "బావా, ఇమానం ఎలగుంటాది?" అని. నేను కంచె అవతలి నుంచి చూసిందే చెప్పేవాణ్ణి. పంకాలు తిరగడం, దుమ్ము లేవడం, మెట్ల మీంచి నువ్వు చెయ్యి ఊపడం. వాడు చిన్నపిల్లాడిలాగా వినేవాడు. "నాను నవ్వినానా?" అని అడిగేవాడు. నవ్వినావురా అనేవాణ్ణి.

ఒక కాలు పొట్టిదైపోయింది. మాట ముద్దముద్దగా వచ్చేది. పిల్లనివ్వడానికి ఎవరూ రాలేదు. స్టేషను రోడ్డులో చిన్న పాక వేసి పంక్చర్లు వేసే దుకాణం పెట్టుకున్నాడు. కూర్చుని చేసే పని కదా. చక్రం వంకర తియ్యడంలో వాడంతటి పనివాడు లేడనేవారు. మావా అత్తా పోయాక మా ఇంట్లోనే ఉన్నాడు. మళ్ళీ ఎప్పుడూ సైకిలెక్కలేదు. బాగుచేసిన సైకిలు సరిగ్గా నడుస్తోందో లేదో చూడాలంటే ఎవరినో ఒకరిని తొక్కమని, తను చెయ్యి నుదుటికి అడ్డం పెట్టుకుని చూసేవాడు. దుకాణానికి వచ్చినవాళ్ళకి చెప్పేవాడు, "నాకు సైకిలు నేర్పింది మా బావే," అని.

ఇంకో సంగతి ఉంది. ఇది చెప్పడం నాకు అన్నిటికంటే కష్టం. వరాలు ఇన్నేళ్ళూ తప్పు తనదే అనుకుంది. తను చుట్టిన గుడ్డ వదులైపోయి ఉంటుందని, అందుకే ఫోర్కు వంగిందని. పెళ్ళైన కొత్తలో ఒకసారి అంది. తర్వాత పదేళ్ళకి అంది. నిరుడు కూడా అంది. ప్రతిసారీ నేను, అలా అనుకోకు, నీ తప్పేం లేదు అని ఓదార్చాను. ఓదార్చి ఊరుకున్నాను. తప్పు ఎవరిదో చెప్పలేదు. తమ్ముడికి తిండి పెట్టేటప్పుడు ఆమె కళ్ళల్లో ఉండే ఆ భయాన్ని, ఆ కుంగుబాటుని చూస్తూ, యాభై ఏళ్ళు అదే ఇంట్లో అన్నం తిన్నాను.

నిరుడు వానాకాలంలో సూరి మంచం పట్టాడు. ఊపిరితిత్తులు చెడిపోయాయి. ఇక లేవడని డాక్టరు చెప్పాడు. ఒక మధ్యాహ్నం వరాలు మందుల కోసం వెళ్ళింది. నేను వాడి మంచం పక్కన స్టూలు మీద కూర్చున్నాను. ఏ ఆలోచనతో కూర్చోలేదు. వాడు కళ్ళు మూసుకుని ఉన్నాడు. నేను చెప్పడం మొదలుపెట్టాను. ఆఫీసులో చెక్క పెట్టె తీసుకుంటామన్నారని. గంప మాట వెక్కిరించి మానిపించానని. వేప ముక్క పెట్టకుండా దాచేశానని. ఫోనులో నువ్వు అడిగావని, నేను ఏటీ అవదన్నానని. ఎక్కడా ఆగలేదు. ఆగితే మళ్ళీ మొదలుపెట్టలేనని తెలుసు.

వాడు కళ్ళు తెరిచి పైకప్పు చూశాడు.

"నాకు గేపకం నేదు కదా బావా," అన్నాడు.

"నాకుంది," అన్నాను.

మెల్లిగా, ప్రతి ముక్కా కూడదీసుకుని అడిగాడు. "ఫోర్కు ఇరక్కపోతే నాను నెగ్గుదునా?"

ఇన్నేళ్ళల్లో వాడు పందెం గురించి ఆ మాట ఎన్నిసార్లు అనబోయి ఊరుకున్నాడో నాకు తెలుసు. ఎవరైనా అంటే నేను మాట మార్చేసేవాణ్ణి.

"నెగ్గుదువు," అన్నాను. "ఆ పెద్ద సైకిలు మీదైనా నెగ్గుదువు. నాకు ఫోనులోనే తెలుసు."

వాడు గోడవైపు తిరిగిపోయాడు. తిరగడానికి వాడికి చాలా కష్టం, ఎప్పుడూ నేను పట్టుకునేవాణ్ణి. ఆ రోజు పట్టుకోబోతే నా చెయ్యి తోసేశాడు. వాడి వీపు కదులుతోంది. ఏడుస్తున్నాడో, ఊపిరి కోసమో తెలియలేదు.

ఆ తర్వాత ఇరవై రోజులు బతికాడు. నా చేత్తో ఇచ్చిన నీళ్ళు తాగలేదు. నన్ను బావా అని పిలవలేదు. నేను గదిలోకి వెళ్తే కళ్ళు మూసుకునేవాడు. అక్కతో మాత్రం మామూలుగానే ఉన్నాడు. ఆమెకి ఏమీ చెప్పలేదు. ఎందుకు చెప్పలేదు? నన్ను కాపాడాడా? లేక, అది నీ పని, నువ్వే చెయ్యి అని నా మీద వదిలేశాడా? అక్క కాపురం గురించి ఆలోచించాడేమో. అడగడానికి నాకు నోరు రాలేదు. ఒక ఉదయం వరాలు జావ తీసుకెళ్తే అప్పటికే పోయి ఉన్నాడు. తల కొరివి పెట్టేది ఎవరంటే అందరూ నన్నే చూపించారు. కొడుకులాంటివాడు అన్నారు. పెట్టాను. వాడు నన్ను వద్దనడానికి లేడు.

వాడు నన్ను క్షమించలేదు. అందులో నాకు అనుమానం లేదు, దాని గురించి ఫిర్యాదూ లేదు. అయితే ఒకటి చెప్పాలి. ఆ మధ్యాహ్నం వాడు గోడవైపు తిరిగాక, నేను వాకిట్లోకి వచ్చి నిలబడ్డాను. వాన వెలిసింది. గుండెల నిండా ఊపిరి తీశాను. ఇది చెప్పడానికి సిగ్గుగా ఉంది. వాడు లోపల ఊపిరాడక పడి ఉంటే నేను బయట హాయిగా ఊపిరి తీసుకున్నాను. అయినా తీసుకున్నాను. ఎన్నో ఏళ్ళ తర్వాత అంత లోపలికి గాలి వెళ్ళింది.

ఇది రాయడం మొదలుపెట్టి వారమైంది. వరాలుకి చూపు తగ్గిపోయింది, అక్షరాలు కనబడవు. ఈ పొద్దున్న నా పక్కన కూర్చుని చిక్కుడుకాయలు వలుస్తూ, "ఏటి రాస్తన్నావు ఇన్ని రోజుల్నించి?" అని అడిగింది.

"సూరి గురించి," అన్నాను.

ఆమె చేతులు ఆగిపోయాయి. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "రాయి," అంది. "ఆడి గురించి ఎవులూ రాయనేదు. అయిపోయాక నాకు సదివి ఇనిపించు."

"సదువుతాను," అన్నాను.

ఇప్పుడు సాయంత్రమైంది. ఆమె దీపం పెట్టి వచ్చి నా ఎదురుగా కూర్చుంది. కాగితాలన్నీ వరసగా పెట్టుకున్నాను. అయిపోయిందా అని అడుగుతోంది. అయిపోయింది.